పిల్లి కంత

తలుపు మూసియున్నను పిల్లి స్వేచ్ఛగా వచ్చిపోవుటకై తలుపు అడుగుభాగమునఁ గోయు చిన్న ద్వారము. ఇంగ్లండునందలి ఎక్సెటర్ కెథెడ్రల్‌లో గడియారపు తలుపునకు 1598లో వడ్రంగులు తొలిచిన రంధ్రము నేఁటికిని నిలిచియున్నది. ఎలుకలను పట్టుటకై పిల్లి లోనికిఁ బోవుటకే దానిని తొలిచిరి. జనగామ జిల్లా చిల్పూరు వంటి వరి పండించు గ్రామములందును, ధాన్యము నిలువయుంచు నింటికి ఈ యేర్పాటు మిక్కిలి యుపయుక్తము. పిల్లి పొట్ట నేలనుండి యెంత యెత్తున నుండునో కొలిచి, రంధ్రపుఁ గ్రిందియంచు దానిని మించకుండ గీత గీసి, నాలుగు మూలల బెజ్జములు వేసి, తలుపు చట్టమును ముట్టక నడిమి పలకను మాత్రమే ఱంపముతోఁ గోసి, పైయంచున మడతబందుతో వ్రేలాడు రెక్కను మరమేకులతో బిగింపవలెను. కోఁతఁ బడిన యంచులను గరుకుకాగితముతో నునుపు చేయనిచో పిల్లి వెన్నునకు ముండ్లు గ్రుచ్చుకొనును. వెలుపలి చేతికి గడియ యందునంత చేరువఁ గోయరాదు. పాములు సంచరించు పల్లెలలో రాత్రివేళ దీనిని లోపలినుండి తప్పక మూయవలెను.