అవ్వ అంటే ఎవరు?

పోయిన ఏడు మా ఇంట్లో పెండ్లి కుదిరినప్పుడు పత్రిక దగ్గర ఒక చిన్న తగవు వచ్చింది. మాది హోసూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచ్చేరిలో తమిళం అనేది మా తాతల నాటి నుంచీ నడిచే పద్ధతి. పత్రికలో ఆశీర్వదించే పెద్దల వరుసలో ముందుగా ఇంటి పెద్దామె పేరు వేసి, పక్కన "అవ్వ" అని రాసినాము. చిత్తుప్రతి వాట్సాప్‌లో చూసి, గోదావరి జిల్లా నుంచి వియ్యాలవారు ఫోన్ చేసినారు. చాలా మర్యాదగానే అన్నారు: "పెద్దావిడని పట్టుకుని అవ్వ అని వేయించారేంటండీ? నాయనమ్మ అనో, మామ్మగారు అనో వేయించండి. చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

ఆ మాటలో తప్పు పట్టేది ఏమీ లేదు. అయినా మనసుకు తగిలింది. మా ఇంట్లో అంతకంటే పెద్ద మాట ఇంకొకటి లేదు మరి. ఆ పక్క వాళ్లకు అవ్వ అంటే ఎవరో దిక్కులేని ముసలామె, కథలో వచ్చే పండుముసలి. "అవ్వ పేరే ముసలమ్మ" అనే సామెత, "అవ్వా కావాలి, బువ్వా కావాలి" అనే ఎగతాళి, ఇవే వాళ్ల చెవిలో ముందు పడేవి. మాలో కొందరు చదువుకున్న పిల్లలు కూడా "మార్చేద్దాం, మనది పల్లె మాట, అచ్చమైన తెలుగు కాదు" అన్నారు. ఈ వ్యాసం రాసేది ముఖ్యంగా వాళ్ల కోసమే.

ముందు మన తెలుగులోనే చూస్తాం. రాయలసీమలో, మా పక్కన, అవ్వ అంటే తల్లికి తల్లి, తండ్రికి తల్లి ఇద్దరూ. ఆమెను కన్నది ముత్తవ్వ. తెలంగాణ పల్లెల్లో పాతకాలం వాళ్లకు అవ్వ అంటే కన్నతల్లే. అవ్వ-అయ్య అంటే తల్లిదండ్రులు, అవ్వగారిల్లు అంటే పుట్టిల్లు. అదే మాట పెట్టి తిట్టే తిట్టు కూడా ఉంది, అది మీకు తెలిసిందే. తిట్టేవాడు ఎప్పుడూ ఎదుటివాడికి అన్నిటికంటే విలువైనదాన్నే పట్టుకుంటాడు కాబట్టి, దాన్ని కూడా ఒక లెక్కకు సాక్ష్యం కిందనే తీసుకోవాల.

ఇంక కన్నడం. ధారవాడ పక్క ఇప్పటికీ తల్లిని అవ్వ అంటారు. అక్కడ ఆడవాళ్ల పేర్ల చివర అది గౌరవంగా అతుక్కుంటుంది: బసవ్వ, చెన్నవ్వ, నీలవ్వ. సవదత్తి ఎల్లమ్మ కూడా వాళ్ల నోట ఎల్లవ్వే. పాత కన్నడంలో దీని రూపాలు అవ్వె, అబ్బె. అత్తిమబ్బె పేరులో ఉండేది ఆ అబ్బెనే. గదగ్ దగ్గర లక్కుండిలో 1007లో జైన బసది కట్టించిన మహాతల్లి ఆమె. పొన్నకవి శాంతిపురాణాన్ని వెయ్యి ప్రతులు రాయించి పంచిపెట్టిందని, రన్నకవి చేత అజితపురాణం రాయించిందని ప్రసిద్ధి. అచ్చుయంత్రం లేని కాలంలో, తాటాకు మీద గంటంతో, వెయ్యి ప్రతులు! ఆమె తాత నాగమయ్యది వేంగినాడు. అంటే వెయ్యేండ్ల కిందనే మన పక్క నుంచి పడమటికి పోయి స్థిరపడిన ఇంటి ఆడబిడ్డ. ఆమె పేరు చివర ఉండే మాటను మనం పల్లె మాట అని తీసేద్దామా?

తమిళంలోకి వస్తే ఈ మాట ఏకంగా గద్దె ఎక్కింది. ఔవై అంటే తల్లి, పెద్దావిడ, సన్యాసిని అని అర్థాలు. ఔవైయార్ అనేది ఒక మనిషి పేరు కాదు, బిరుదు. సంగకాలంలో ఒక ఔవైయార్ ఉంది. ఎన్నో వందల ఏండ్ల తర్వాత, చోళుల కాలంలో, పిల్లలకు ఆత్తిచ్చూడి, కొండ్రైవేందన్ చెప్పిన ఔవైయార్ వేరే. బిరుదు కాబట్టే ఒకరి తర్వాత ఒకరికి చెల్లింది.

మొదటి ఔవైయార్ మాకు ఇంకొంచెం దగ్గర. ఆమెను ఆదరించిన అదియమాన్ నెడుమాన్ అంజి తగడూరు దొర. తగడూరు అంటే ఇప్పటి ధర్మపురి. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడే వరకు మా హోసూరు కూడా ఆ జిల్లాలోనిదే. తింటే ఆయుష్షు పెంచే అరుదైన ఉసిరికాయ ఒకటి దొరికితే, ఆయన తాను తినకుండా ఔవైయార్‌కు ఇచ్చినాడని పురనానూరు పద్యం ఒకటి చెబుతుంది. ఆమె వట్టి కవి కూడా కాదు. కంచి తొండైమాన్ దగ్గరికి అదియమాన్ తరఫున రాయబారం పోయింది. తొండైమాన్ తన ఆయుధశాల చూపించి గొప్పలు పోతే, మీ ఆయుధాలు నెయ్యి పూసుకొని, దండలు వేసుకొని ఎంత చక్కగా ఉన్నాయి, మా వాడివి అయితే మొనలు విరిగి కమ్మరి కొలిమి దగ్గర పడి ఉన్నాయి అన్నట్లు మాట్లాడిందంట. పొగిడినట్లే పొగిడి, మీరు యుద్ధం ఎరగరు అని మొహం మీద చెప్పడం. ఆ నోరు మాకు బాగా తెలిసిన నోరే. కోడలి వంటను మెచ్చుకునేటప్పుడు మా అవ్వలు చేసేది సరిగ్గా ఇదే.

ఔవైయార్ మీద ప్రచారంలో ఉండే కథ ఇంకొకటి ఉంది. వయసులో ఉన్నప్పుడు పెండ్లి సంబంధాలు చూస్తుంటే, ఆమె వినాయకుడిని వేడుకొని ముసలితనాన్ని వరంగా అడిగి తీసుకుందని. 1953లో జెమినీ వాళ్లు తీసిన "ఔవైయార్" సినిమాలో కె.బి. సుందరాంబాళ్‌ను చూసిన మా ఇంటి పెద్దలు, నుదుట విభూతి, చేతిలో కర్ర ఉండే ఆ రూపాన్నే చివరిదాకా మనసులో పెట్టుకున్నారు. మద్రాసు మెరీనా ఒడ్డున 1968లో పెట్టిన విగ్రహమూ అట్లాంటిదే. ముసలితనం అనేది దాచుకునే సంగతిగా కాకుండా, కోరి తెచ్చుకునే అధికారంగా కనబడేది ఆ ఒక్క మాటలోనే. (1996లో వచ్చిన "అవ్వై షణ్ముగి" తెలుగులోకి వచ్చేసరికి "భామనే సత్యభామనే" అయిపోయింది. అవ్వను భామను చేసినారు. ఏం చేస్తాం.)

మా వాడుకలో ఇంకొక సంగతి ఉంది. కోస్తా వాళ్లకు ఇది కూడా విచిత్రంగా తోస్తుంది. మేము "అవ్వ చెప్పింది", "అవ్వ వచ్చిండాది" అంటాము. "చెప్పారు", "వచ్చారు" అనము. నువ్వు అనే పిలుస్తాము. గౌరవం క్రియలో లేదు, ఆ మాటలోనే ఉంది. మిద్దింటవ్వ, బావికాడవ్వ అని చుట్టరికం లేనివాళ్లను కూడా పిలుస్తాము కానీ, ఊరిలో వయసు పైబడిన ప్రతి ఆడమనిషినీ పిలవము. వట్టి వయసే ఉంటే ముసలామె. పొలం గట్టు తగవు తెగనప్పుడు, అన్నదమ్ములు ఎవరి దగ్గరికి పోయి కూర్చుంటారో, ఎవరు "ఇంక చాలు" అంటే లేచిపోతారో, ఆమె అవ్వ.

పత్రిక సంగతికి వస్తే, రెండు రోజులు మేమే గుసగుసలు పడి చివరికి ఆమెనే అడిగినాము. కండ్లద్దాలు పెట్టుకొని చిత్తుప్రతి అంతా చదివింది. పెండ్లికొడుకు మేనమామ పేరులో ఒక ఒత్తు తప్పుపోయిందని చూపించింది. "అవ్వ అనే ఉండనీ. మామ్మ అంటే నేను ఎవరనుకొని పలికేది?" అని కాగితం తిరిగి ఇచ్చేసింది. అట్లే అచ్చు వేయించినాము. వియ్యాలవారికి ఇవన్నీ ఫోన్‌లో చెప్పలేక, మా పక్క ఆచారం అని మాత్రం చెప్పినాము. వాళ్లూ మళ్లీ ఎత్తలేదు.

పెండ్లి అయిన మూడో నాడు కొత్త కోడలు కాఫీ లోటా తీసుకొని వచ్చి, ఏమని పిలవాలో తెలియక ఒక నిమిషం నిలబడింది. తర్వాత మెల్లగా, "అవ్వగారూ" అన్నది. పిల్లలు పక్కున నవ్వినారు, మా ఇంట్లో అట్లా ఎవరూ అనరు. మాలో ఒకరికి మాత్రం అప్పుడే తట్టింది: తమిళంలో ఔవై పక్కన "ఆర్" చేసే పని, తెలుగులో "గారు" చేసే పని ఒక్కటే కదా. ఆ పిల్లకు తెలియకుండానే ఔవైయార్ అనే పిలిచింది.

అవ్వ పలికింది. కాఫీలో చక్కెర ఎక్కువైందని చెప్పింది.