వైజాగ్ బీచ్ రోడ్డు మీద వేటగాడు: టీయూ-142 నుంచి పీ-8ఐ దాకా

వైజాగ్ ఆర్కే బీచ్‌కి వెళ్లినవాళ్లకి ఈ రెండూ బాగా తెలుసు. రోడ్డుకి ఇసుక వైపు కురుసుర సబ్‌మెరైన్, దానికి ఎదురుగా రెండో వైపు టీయూ-142 విమానం. రెండిటి దగ్గరా సెల్ఫీలు దిగుతాం, మూరీ మిక్చర్ తింటాం, వచ్చేస్తాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఒకటి నీళ్ల కింద దాక్కోవడానికి పుట్టింది. రెండోది అలా దాక్కున్నవాటిని వెతికి చంపడానికి పుట్టింది. ఈ రోజు ఆ రెండోదాని కథ చెప్పుకుందాం.

1971లో ఏం జరిగింది?

డిసెంబర్ 3 అర్ధరాత్రి, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ వైజాగ్ హార్బర్ బయటే మునిగిపోయింది. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది అది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకి మునిగిందని మనం అంటాం. లోపల జరిగిన ప్రమాదం వల్లో, తాను వేసిన మైన్ పేలో మునిగిందని పాకిస్తాన్ అంటుంది. ఎవరి మాట నమ్మినా ఒక విషయం మాత్రం మారదు. ఒక శత్రు సబ్‌మెరైన్ కరాచీలో బయలుదేరి, శ్రీలంక చుట్టూ తిరిగి, మన గుమ్మం దాకా వచ్చేసింది.

ఆ తర్వాత వారం కూడా తిరక్కుండానే అసలు దెబ్బ తగిలింది. డిసెంబర్ 9 రాత్రి, డయ్యూ తీరానికి దూరంగా అరేబియా సముద్రంలో, పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ టార్పెడోతో ఐఎన్ఎస్ ఖుక్రీని కొట్టింది. ఓడ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడని వదలకుండా దానితో పాటే వెళ్లిపోయారు. తర్వాత రోజుల తరబడి గాలించారు. హంగోర్ దొరకలేదు.

నేల మీది రన్‌వే నుంచి లేచి, చాలా దూరం సముద్రం మీద గస్తీ తిరిగే విమానాలు అప్పట్లో మన నేవీ చేతిలో లేవు. ఆ పని ఎయిర్‌ఫోర్స్‌ది. వాళ్ల దగ్గర ఉన్నవి కూడా ఒకప్పుడు ఎయిర్ ఇండియా ప్రయాణికులని మోసిన సూపర్ కాన్‌స్టలేషన్లు. 1976లో ఆ బాధ్యత నేవీకి వచ్చింది. మరుసటి ఏడాది సోవియట్ యూనియన్ నుంచి ఐఎల్-38లు గోవాలో దిగాయి.

విమానం అంటే సబ్‌మెరైన్‌కి భయం ఎందుకు?

దీనికి జవాబు రెండో ప్రపంచ యుద్ధంలో దొరుకుతుంది. అట్లాంటిక్ మధ్యలో తీరం నుంచి ఏ విమానమూ చేరలేని ఖాళీ ఒకటి ఉండేది. జర్మన్ యూ-బోట్లు అక్కడ కాపు కాసి సరుకు ఓడల్ని వరసగా ముంచేవి. దూరం వెళ్లగలిగేలా మార్చిన లిబరేటర్ విమానాలు, రాడార్లు, కాపలా ఓడలు అన్నీ కలిసి ఆ ఖాళీని మూసేశాయి. 1943 మే ఒక్క నెలలోనే జర్మనీ 40కి పైగా యూ-బోట్లు పోగొట్టుకుంది. అడ్మిరల్ డోనిట్జ్ మిగిలినవాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిపించుకున్నాడు.

ఇందులో లాజిక్ సింపుల్. డీజిల్ సబ్‌మెరైన్ నీళ్ల కింద బ్యాటరీ మీద నడుస్తుంది. మన ఫోన్‌లాగే దానికీ చార్జింగ్ కావాలి. చార్జింగ్ కోసం ఇంజిన్ వేయాలంటే గాలి కావాలి, కాబట్టి గొట్టమైనా పైకి పెట్టాలి. పైన విమానం తిరుగుతుంటే ఆ గొట్టం రాడార్‌కి దొరికిపోవచ్చు. అందుకే విమానం ఒక్క బాంబు వేయకపోయినా, కింద ఉన్నవాడు తల ఎత్తలేడు. వేగంగా పారిపోతే బ్యాటరీ అయిపోతుంది, నెమ్మదిగా పోతే టార్గెట్ తప్పిపోతుంది. సగం పని అక్కడే అయిపోయింది.

మిగతా సగం, అది ఎక్కడుందో కనిపెట్టడం. దీనికి ముఖ్యమైన పరికరం సోనోబాయ్. మీటరు పొడవు కూడా లేని ఒక గొట్టం. విమానం దాన్ని జారవిడుస్తుంది, చిన్న పారాషూట్‌తో నీళ్లలో పడుతుంది. పై భాగం తేలుతూ రేడియో సిగ్నల్ పంపుతుంది, కింది భాగం వైరుకి వేలాడుతూ లోతుకి దిగి శబ్దాలు వింటుంది. ఇలాంటివి ఒక వరసలో వేసి, ఏది ఎంత గట్టిగా వింటోంది, ఏ దిక్కు నుంచి వింటోంది అని పోల్చుకుంటూ సబ్‌మెరైన్ ఉన్న చోటికి దగ్గరవుతారు. కొన్ని రకాలు తామే శబ్దం పంపి ప్రతిధ్వని వింటాయి. పని అయ్యాక వాటంతట అవే మునిగిపోతాయి.

ఇంకో పరికరం ఎంఏడీ. పెద్ద ఇనుప వస్తువు భూమి అయస్కాంత క్షేత్రంలో తెచ్చే చిన్న తేడాని పట్టుకుంటుంది. కొన్ని వందల మీటర్ల దూరం దాకానే పనిచేస్తుంది కాబట్టి ఇది చివరి నిర్ధారణకే. అదీ కుదిరితే అప్పుడు టార్పెడో వేస్తారు. నేను కోడ్ రాసే రోజుల్లో లాగ్‌లలో ఒక్క తప్పు లైన్ వెతకడమే నరకం అనుకునేవాణ్ణి. ఇక్కడ తిమింగలాలు, చేపల పడవలు, అలలు, పాత ఓడ శిథిలాలు... ఇన్నిటి మధ్య అసలు సిగ్నల్ ఏదో తేల్చాలి.

ఎలుగుబంటి వచ్చింది

ఇప్పుడు మన బీచ్ రోడ్డు విమానానికి వద్దాం. టీయూ-142 అంటే టీయూ-95 బాంబర్‌ని సముద్రం కోసం మార్చిన రూపం. నాటో వాళ్లు దీనికి పెట్టిన పేరు బేర్, అంటే ఎలుగుబంటి. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటి ఎదురు దిక్కుల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. ప్రొపెల్లర్ విమానాల్లో అత్యంత వేగంగా పోయేవాటిలో ఇదొకటి. ఈసారి వెళ్తే తోక పై కొనని చూడండి, వెనక్కి పొడుచుకొచ్చిన ముల్లులాంటిది కనిపిస్తుంది. ఇందాక చెప్పిన ఎంఏడీ అదే. తోక కింద ఫిరంగులు కూడా ఉంటాయి.

మన నేవీ 1988లో మొత్తం 8 తీసుకుంది. మొదట గోవాలో, 1992 నుంచి తమిళనాడు అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాళిలో ఉన్నాయి. వచ్చిన ఏడాదే మాల్దీవుల్లో జరిగిన ఆపరేషన్ కాక్టస్‌లో పాల్గొన్నాయి. 29 ఏళ్లు, 30,000 గంటలు, ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరి 2017 మార్చిలో రిటైర్ అయ్యాయి. ఐఎల్-38ల కథ వేరు. 2002 అక్టోబర్‌లో గోవాలో రెండు ఐఎల్-38లు గాల్లో ఢీకొని, వాటిలో ఉన్న 12 మందీ చనిపోయారు. ఆ బాధ మనసులో పెట్టుకుని చూస్తే, టీయూ-142 రికార్డు విలువ అర్థమవుతుంది. వాటిలో ఒకటే ఎగురుకుంటూ వైజాగ్ వచ్చి, 2017 డిసెంబర్‌లో మ్యూజియం అయింది.

పీ-8ఐ ఏం చేయగలదు?

టీయూ-142 స్థానంలో వచ్చింది బోయింగ్ పీ-8ఐ. మనం ఎక్కే 737 ఉంది కదా, దాని ఆధారంగా చేసిందే. 2009లో 8కి ఒప్పందం, 2013లో మొదటిది రాజాళిలో దిగింది, తర్వాత ఇంకో 4 చేరి మొత్తం 12 అయ్యాయి. అంటే సుమారు 2,200 కిలోమీటర్లు వెళ్లి, అక్కడ 4 గంటలు గాలించి, తిరిగి రాగలదు. నూరుకి పైగా సోనోబాయ్‌లు, మార్క్-54 టార్పెడోలు, ఓడల మీదకి హార్పూన్ క్షిపణులు మోస్తుంది. అమెరికా తన పీ-8ఏలో ఎంఏడీ తీసేసింది, మనం మాత్రం అడిగి పెట్టించుకున్నాం.

దీని పని సబ్‌మెరైన్లతోనే ఆగలేదు. 2017లో డోక్లాం, 2020లో లద్దాఖ్ ఉద్రిక్తతలప్పుడు సరిహద్దుల మీద నిఘాకి కూడా వాడారు. 2024 మార్చిలో సముద్రపు దొంగల చేతిలో ఉన్న ఎంవీ రుయెన్ ఓడని పట్టుకున్న ఆపరేషన్‌లో ఇదీ ఉంది. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు.

కానీ సముద్రం సముద్రమే

ఇది చెప్పకపోతే కథ పూర్తి కాదు. 2016 జూలై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరిన ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది. వాళ్లలో 8 మంది మన వైజాగ్ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలు వెతికాయి, పీ-8ఐలు వెతికాయి. ఏమీ దొరకలేదు. ఎందుకంటే గస్తీ విమానానికి ముఖ్యమైన దారులు రెండు: నీటి పైన కనపడేది చూడటం, కింద చప్పుడు చేసేది వినడం. అడుక్కి చేరి నిశ్శబ్దంగా పడున్నదాన్ని అది కనిపెట్టలేదు. 2024 జనవరిలో, నీటి అడుగున తనంతట తాను తిరిగే ఒక యంత్రం తీసిన ఫొటోల్లో శిథిలాలు బయటపడ్డాయి. 3,400 మీటర్ల లోతులో. ఆ 8 ఇళ్లలోవాళ్లు ఏడున్నరేళ్లు ఎదురుచూశారు.

ఖుక్రీ నుంచి ఏఎన్-32 దాకా విషయం ఒకటే. నీళ్ల కింద ఏముందో తెలియకపోతే దానికి మనుషులు మూల్యం చెల్లిస్తారు. అందుకే ఈ రోజు కూడా, మీరు ఇది చదువుతున్న టైమ్‌లో, ఎక్కడో ఒక సిబ్బంది హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటల తరబడి సముద్రాన్ని వింటూ ఉండొచ్చు. వాళ్ల డ్యూటీలో ఎక్కువ రోజులు ఏమీ వినపడదు. వినపడకపోవడమే మనకి మంచిది.

ఈసారి బీచ్ రోడ్డుకి వెళ్తే ముందు కురుసుర ఎక్కి, ఆ ఇరుకులో ఒక పది నిమిషాలు నిలబడండి. తర్వాత రోడ్డు దాటి టీయూ-142 ఎక్కండి. దాక్కునేవాడు, వెతికేవాడు... ఇద్దరిలో ఎవరి పని కష్టమో కామెంట్లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.