ఇంటి భాషలో బడి



శాలిబండ నుంచి చార్మినారు దాకా ఒకసారి నడిచి చూడండి. గాజుల బేరం ఉర్దూలో సాగుతుంది, వెంటవచ్చిన పిల్లతో మాట తెలుగులో. పాతబస్తీ ఇల్లాలికి రెండు భాషలూ రెండు చేతుల్లాంటివి. కాని ఆ పిల్లకు బడిలో లెక్కలూ చరిత్రా ఇంట్లో వినని భాషలో చెబితే? ఇది ఈనాటి ఇంగ్లీషు బళ్ళ సంగతి అనుకునేరు. నేను చెప్పేది వందేళ్ళ కిందటి మాట.

నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువారు. ఆఫీసుల్లో, కోర్టుల్లో మాత్రం ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించారు. పై చదువులు దేశభాషలో చెప్పడం గొప్పే, కాదనకూడదు. ఆ దేశభాష ఉర్దూ అయింది, అంతే. మగపిల్లలు ఉద్యోగం కోసం ఎలాగో నేర్చుకున్నారు. ఆడపిల్లను పంపేదెవరు? పరదా, చిన్ననాటి పెళ్ళి ఉండనే ఉన్నాయి. వాటికి తోడు రాని భాష! చదువు వద్దనే పెద్దలకు మంచి సాకు దొరికింది.

1921 నవంబరులో వివేకవర్ధినీ థియేటరులో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు పూనా నుంచి వచ్చిన మహర్షి కార్వే. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో ఉపన్యాసాలు హాయిగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. సంస్కారం కోసం పెట్టిన సభలోనండీ! ఆ రాత్రే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘం పెట్టుకున్నారు. వారిలో ముఖ్యులు మాడపాటి హనుమంతరావుగారు.

ఆయనకు ఉర్దూ అంటే గిట్టదనుకోకండి. ఉర్దూలో పండితుడు, 'ముషీరె దక్కన్' పత్రికలో రాసినవాడు, వృత్తికి వకీలు. ఆ భాష తనకు వచ్చు గనుకనే, రానివాళ్ళకు ఏ తలుపులు మూసుకుపోతున్నాయో ఆయనకు బాగా కనిపించిందని నాకనిపిస్తుంది. తెలుగులో చదువు చెప్పాలన్న ఆలోచన ఆయనదొక్కరిదే కాదు లెండి. భాగ్యరెడ్డివర్మగారు 1910లోనే ఇసామియా బజారులో, ఎవరూ గడప తొక్కనివ్వని దళితుల పిల్లల కోసం బడి పెట్టారు.

మాడపాటివారు 1928లో తెలుగు బాలికల పాఠశాల స్థాపించారు. నారాయణగూడలో ఉన్నది అదే. చిన్నగా మొదలై ఉన్నత పాఠశాల అయింది. అక్కడే చిక్కు వచ్చిపడింది. పై తరగతులు కూడా తెలుగులోనే చెబుతున్నారని ప్రభుత్వం గుర్తింపు ఇవ్వలేదు. గుర్తింపు లేని బడిలో ఎంత చదివినా చేతికి పనికొచ్చే కాగితం ఏదీ రాదు. అమ్మాయిని మధ్యలో మాన్పించడానికి ఇంటివారికి అంతకన్నా ఏం కావాలి?

ఉర్దూలోకి మారితే ఒక్కరోజులో పని అయిపోయేది. మాడపాటివారు మారలేదు. మూడువందల మైళ్ళ పైన ఉన్న పూనా వైపు చూశారు. 1916లో కార్వేగారు అక్కడ మహిళా విశ్వవిద్యాలయం పెట్టారు. ఆడపిల్లలకు మాతృభాషలోనే చెప్పాలన్నది దాని నియమం. మన బడి దానికి అనుబంధమైంది. తెలుగు మాట వినబడనివ్వని ఆనాటి సభకు అధ్యక్షత వహించిన ఆ కార్వేగారి విశ్వవిద్యాలయమే హైదరాబాదు తెలుగు పిల్లల చదువును చదువుగా ఒప్పుకుంది చూశారా!

1951లో మాడపాటివారు హైదరాబాదుకు మేయరయ్యారు. 1970లో కన్నుమూశారు. బడికి ఆయన పేరే పెట్టారు. ఈసారి నారాయణగూడ మీదుగా వెళ్ళినప్పుడు బస్సు కిటికీలోంచి ఆ బోర్డు చూడండి, పక్కనున్న అమ్మాయికీ చూపించండి.