సహర్ టైం మార్చినా ఫోన్లో పాతదే కనిపిస్తోందా? వెబ్‌సైట్ క్యాషే గడువు ఇలా పెట్టండి

రంజాన్‌కి ముందు ఒక మసీదు కమిటీ తన వెబ్‌సైట్లో సహర్, ఇఫ్తార్ పట్టిక పెట్టిందనుకుందాం. తొందరలో హైదరాబాద్ టైంలే ఎక్కించేశారు. మర్నాడు ఇమాం సాబ్ చూసి, మన ఊరికి సరిచేసిన పట్టిక ఇచ్చారు. కుర్రాళ్లు వెంటనే పాతది తీసేసి కొత్తది పెట్టారు. కమిటీ కంప్యూటర్లో కొత్తదే కనిపిస్తోంది. కానీ నిన్న ఒకసారి ఆ పేజీ చూసిన ఇళ్లలో ఫోన్ తెరిస్తే ఇంకా పాత పట్టికే!

నాలుగైదు నిమిషాల తేడాకి ఇంత గాభరా ఎందుకు అనిపించవచ్చు. లెక్క చూడండి. తూర్పుకి ఒక డిగ్రీ జరిగితే సూర్యుడు 4 నిమిషాలు ముందు వస్తాడు. హైదరాబాద్ రేఖాంశం సుమారు 78.5 డిగ్రీలు, మిర్యాలగూడ, సూర్యాపేట 79.6 దగ్గర, కోదాడ దాదాపు 80. అంటే మిర్యాలగూడ, దాని పక్కనున్న మాడుగులపల్లిలో హైదరాబాద్ కంటే సుమారు 4 నిమిషాలు, కోదాడలో సుమారు 6 నిమిషాలు ముందే తెల్లవారుతుంది, ముందే పొద్దు గూకుతుంది. హైదరాబాద్ టైం చూసి ఇఫ్తార్ చేస్తే కాస్త ఆలస్యం, అంతే. సహర్ సంగతి అలా కాదు. ఇక్కడ ఫజర్ వక్త్ మొదలైపోయాక కూడా ఇంకా టైం ఉందనుకుని తింటారు. రోజాకే ముప్పు.

అందుకే వెబ్‌సైట్ నడిపేవాళ్లు క్యాషే గడువు సంగతి తెలుసుకోవాలి. ఇది పెద్ద చదువు కాదు, నాలుగైదు లైన్ల పని.

క్యాషే అంటే ఏమిటి?

పలకడానికి డబ్బు క్యాష్ లాగే ఉన్నా ఇది వేరు. మనం ఒక సైట్ తెరిస్తే అందులోని బొమ్మలు, అక్షరాల ఫాంట్లు, డిజైన్ ఫైళ్లను బ్రౌజర్ ఫోన్లో దాచుకుంటుంది. మళ్లీ ఆ సైట్‌కి వెళ్తే సర్వర్‌ని అడగకుండా దాచినవే చూపిస్తుంది. పేజీ త్వరగా తెరుచుకుంటుంది, డేటా మిగులుతుంది. సిగ్నల్ సరిగా అందని పల్లెల్లో ఇది పెద్ద మేలు. కాబట్టి క్యాషేని పూర్తిగా ఆపేయడం పరిష్కారం కాదు. దేన్ని ఎంతకాలం దాచాలో చెప్పడమే పరిష్కారం.

ఆ మాట చెప్పాల్సింది సర్వర్. ప్రతి ఫైల్‌తో పాటు అది హెడర్లు అనే చిన్న చీటీలు పంపుతుంది. అందులో రెండు ముఖ్యం. ఒకటి ఎక్స్‌పైర్స్: ఫలానా తేదీ, ఫలానా టైం దాకా వాడుకో అని చెబుతుంది. రెండోది క్యాషే-కంట్రోల్: అందులో మ్యాక్స్-ఏజ్ పక్కన ఇన్ని సెకన్లు అని ఉంటుంది. రోజుకి 86400 సెకన్లు, 30 రోజులకి 2592000, ఏడాదికి 31536000. రెండు చీటీలూ ఉంటే మ్యాక్స్-ఏజ్ మాటే చెల్లుతుంది.

ఏమీ చెప్పకపోతే ఏమవుతుంది?

చాలా చిన్న సైట్ల సమస్య ఇదే. సర్వర్ గడువు చెప్పకపోతే బ్రౌజర్ దాచుకోదని కాదు, తనే ఒక అంచనా వేసుకుంటుంది. ఫైల్ చివరిసారి మారి ఎన్నాళ్లయిందో చూసి, అందులో పదోవంతు కాలం దాచుకోవడం మామూలు పద్ధతి. 2022 జూన్‌లో వచ్చిన ప్రమాణ పత్రం, ఆర్.ఎఫ్.సి. 9111, కూడా ఈ పదోవంతు లెక్కనే ప్రస్తావిస్తుంది. 30 రోజుల కింద పెట్టిన పట్టిక అయితే 3 రోజుల దాకా కొత్తదేనని బ్రౌజర్ నమ్మవచ్చు. మనం చెప్పకపోతే అది ఊహిస్తుంది.

గుర్తుంచుకోవాల్సిన ఒక్క సూత్రం

ఒకసారి గడువు ఇచ్చి పంపాక సర్వర్ దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఏడాది దాచుకో అని చెప్పిన ఫైల్ కోసం ఆ ఫోన్ మళ్లీ మన సర్వర్ గడప తొక్కకపోవచ్చు. అందుకని:

• పేరు మారని వాటికి తక్కువ గడువు. హోం పేజీ, నమాజ్ వేళల పేజీ, ఈద్ నమాజ్ ప్రకటన ఇందులోకి వస్తాయి. వీటికి ప్రతిసారీ సర్వర్‌ని అడిగేలా పెట్టాలి.
• మారినప్పుడల్లా పేరు మార్చగలిగే వాటికి ఎక్కువ గడువు. లోగో, ఫాంట్లు, డిజైన్ ఫైళ్లకి నెల నుంచి ఏడాది దాకా ఇవ్వవచ్చు.
• పట్టిక బొమ్మగా పెడితే జాగ్రత్త. మన దగ్గర చాలామంది టైంటేబుల్‌ని జేపెగ్ బొమ్మగానో, పీడీఎఫ్‌గానో పెడతారు. బొమ్మలన్నిటికీ నెల గడువు ఇచ్చి, సరిచేసిన పట్టికని అదే పేరుతో ఎక్కిస్తే, మొదట చెప్పుకున్న కష్టం వచ్చి పడుతుంది. పేరు చివర అంకె వేయండి: మొదటిది రంజాన్-1, సరిచేసింది రంజాన్-2. పేజీలో ఆ కొత్త పేరు రాయండి. కొత్త పేరు కాబట్టి బ్రౌజర్ తప్పక కొత్తగా తెచ్చుకుంటుంది.

అపాచీ సర్వర్లో

తక్కువ ధర షేర్డ్ హోస్టింగ్‌లో అపాచీ ఎక్కువగా కనిపిస్తుంది. ఇందులో గడువు చూసే భాగం పేరు మాడ్-ఎక్స్‌పైర్స్. సైట్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే హెచ్‌టీయాక్సెస్ అనే ఫైల్ తెరిచి, అందులో ఈ మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి. ముందు పాత ఫైల్ కాపీ ఒకటి తీసి పెట్టుకోండి. అక్కడ ఒక్క అక్షరం తప్పినా సైట్ మొత్తం ఆగిపోవచ్చు.

1. ఎక్స్‌పైర్స్‌యాక్టివ్ ఆన్ అని మొదటి లైన్.
2. ఎక్స్‌పైర్స్‌బైటైప్, తర్వాత ఫైల్ రకం, తర్వాత కోట్స్ మధ్య గడువు. జేపెగ్ బొమ్మకి "యాక్సెస్ ప్లస్ 1 మంత్".
3. టెక్స్ట్-హెచ్‌టీఎంఎల్ రకానికి, అంటే పేజీలకి, "యాక్సెస్ ప్లస్ 0 సెకండ్స్".

యాక్సెస్ అంటే పాఠకుడు తెచ్చుకున్న క్షణం నుంచి లెక్క. ఆ చోట మాడిఫికేషన్ అని రాస్తే, ఫైల్ చివరిసారి మారిన క్షణం నుంచి లెక్క. మాడ్-ఎక్స్‌పైర్స్ ఎక్స్‌పైర్స్‌తో పాటు మ్యాక్స్-ఏజ్ కూడా తనే పంపుతుంది. హెచ్‌టీయాక్సెస్‌లో మార్చినదానికి సర్వర్‌ని మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు.

ఎంజిన్‌ఎక్స్ సర్వర్లో

ఇది హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ని చూడనే చూడదు. అందులో రాసి, పని చేయడం లేదని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ. సర్వర్ సొంత కాన్ఫిగ్ ఫైల్లో, బొమ్మల కోసం రాసిన లొకేషన్ భాగంలో ఎక్స్‌పైర్స్ 30డి అని రాసి సెమీకోలన్ పెట్టాలి. పేజీల భాగంలో ఎక్స్‌పైర్స్ మైనస్ 1 అని రాస్తే సర్వర్ నో-క్యాషే అని పంపుతుంది. తర్వాత ఎంజిన్‌ఎక్స్ హైఫన్ టి కమాండ్‌తో తప్పుల్లేవని చూసుకుని, రీలోడ్ చేయాలి.

తరచూ జరిగే పొరపాట్లు

నో-క్యాషే అంటే దాచుకోవద్దు అనుకుంటారు. కాదు. దాచుకో, కానీ వాడే ముందు ప్రతిసారీ నన్ను అడుగు అని దాని అర్థం. ఫైల్ మారకపోతే సర్వర్ 304 అనే చిన్న జవాబు ఇస్తుంది, ఫైల్ మళ్లీ దిగదు. డేటా పెద్దగా ఖర్చు కాదు. నమాజ్ వేళల పేజీకి ఇదే సరిపోతుంది. అసలు దాచొద్దు అనడానికి నో-స్టోర్ ఉంది. అది లాగిన్ వివరాలు, చందా లెక్కల పేజీలకి.

ఎక్స్‌పైర్స్ తేదీని చేత్తో రాస్తే అది జీఎంటీలో ఉండాలి. మన టైం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. మన సాయంత్రం 6:30 అక్కడ మధ్యాహ్నం 1:00.

క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవ మధ్యలో ఉంటే, దాని దగ్గర ఇంకో కాపీ ఉంటుంది. అక్కడ పర్జ్ నొక్కితే వాళ్ల కాపీ పోతుంది గానీ, జనం ఫోన్లలోది పోదు. బ్రౌజర్ గడువు కోసం వాళ్ల దగ్గర ఉన్న సెట్టింగ్ కూడా మన సర్వర్ మాట వినేలా పెట్టుకోండి. వర్డ్‌ప్రెస్‌లో క్యాషే ప్లగిన్ ఉంటే దాన్నీ విడిగా ఖాళీ చేయాలి.

సరిగ్గా పెట్టామా లేదా?

కంప్యూటర్లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ భాగంలో పేజీ పేరు మీద నొక్కితే హెడర్లు కనిపిస్తాయి. అక్కడ డిసేబుల్ క్యాషే అనే గడిలో టిక్ ఉంటే తీసేయండి, లేకపోతే మన సెట్టింగ్ పని చేస్తోందో లేదో తేలదు. పట్టికలో ఒక చిన్న మార్పు చేసి, నిన్న ఆ పేజీ చూసిన వేరేవాళ్ల ఫోన్లో తెరిపించండి. అసలు పరీక్ష అదే. కమిటీ కంప్యూటర్లో కనిపించింది కదా అని ఊరుకోకండి.

ఈ పనంతా రంజాన్ నెలవంకకి కనీసం వారం ముందే ముగించాలి. 29వ రోజు రాత్రి చాంద్ కబురు కోసం, ఈద్గా నమాజ్ టైం కోసం అందరూ ఒకేసారి పేజీ తెరుస్తారు. ఆ రాత్రి సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోలేం.

చివరిగా కమిటీలకి, ఇళ్లలోని వాళ్లకి చెరొక మాట. పట్టిక మీదే "సవరించిన తేదీ, టైం, ఏ ఊరికి" అని పెద్దక్షరాలతో రాయండి. చూసేవాళ్లు ఆ లైన్ చదివి, పాతదనిపిస్తే పేజీని కిందికి లాగి రీఫ్రెష్ చేయండి. అప్పటికీ అనుమానం ఉంటే మీ ఊరికి ఉన్న తేడా కంటే కాస్త ఎక్కువే చూసుకుని, ముందే సహర్ ముగించండి. ఇన్షాఅల్లాహ్, రోజాకి ఢోకా ఉండదు.