బందరు కోట నుంచి బెళగావి దాకా హవల్దారు చదువు

కృష్ణా డెల్టా వాళ్లకు పటాలమంటే పడదన్న మాట ఎంత పాతుకుపోయిందంటే, పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా నాయక్ అయ్యాడనో హవల్దారు అయ్యాడనో వింటే, దాన్ని వింతగా చెప్పుకునే వాళ్లే ఎక్కువ. చరిత్ర చూస్తే ఈ మాట నిలవదు. పామర్రు నుంచి రోడ్డు పట్టుకుని దిగువకు పోతే తగిలే బందరు వందేళ్లకు పైగా దండు ఊరుగా ఉండేది. 1759 ఏప్రిల్‌లో ఈస్టిండియా కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల చేతిలోని బందరు కోటను రాత్రిపూట దాడి చేసి పట్టినప్పుడు, అతని సైన్యంలో తెల్లవాళ్ల కంటే సిపాయిలే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ తర్వాత సర్కారు జిల్లాల తెలుగువాళ్లు కంపెనీ మద్రాసు సైన్యంలో తరాల తరబడి పనిచేశారు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మంది చనిపోయాక దండును అక్కణ్ణుంచి ఎత్తేశారు. ఊరికి దండు ఎలా ఉంటుందో కూడా క్రమంగా మరుపునపడింది.

ఆ మద్రాసు సైన్యంలో కింది స్థాయి నాయకుణ్ణి ఎంచిన తీరు గమనించాల్సిన సంగతి. బెంగాల్ సైన్యంలో నాయక్, హవల్దారు, జమాదారు, సుబేదారు పదవులు చాలావరకు సర్వీసు లెక్కన వచ్చేవి. ఎన్నేళ్లు చేశాడన్నదే కొలత కాబట్టి, సుబేదారు అయ్యేసరికి మనిషి ముసలివాడయ్యేవాడు. మద్రాసు, బొంబాయి సైన్యాల్లో మాత్రం పనితనం చూసి ఎంచడానికే మొగ్గు. 1857 తిరుగుబాటు తర్వాత బెంగాల్ సైన్యం ఎందుకు చెదిరిందని విచారించిన వాళ్లు ఎత్తిచూపిన లోపాల్లో ఈ సర్వీసు లెక్క ఒకటి. అయితే ఎంపిక ఎంత బాగున్నా, పై మెట్టు దగ్గర గోడ ఉండేది. ఎంత సమర్థుడైన సుబేదారైనా నిన్నగాక మొన్న ఓడ దిగిన తెల్ల కుర్రాడికి సలాం కొట్టాల్సిందే. అయినా నాయకత్వమన్నది వయసుతోనో వంశంతోనో కాక, చూసి, పరీక్షించి ఇచ్చేదన్న ఆలోచనకు ఇక్కడ పునాది ఉంది. నాయక్, హవల్దార్లను తయారుచేసే నేటి జూనియర్ లీడర్ కోర్సుకు మూలం వెతికితే నేను మొదట చూసేది అక్కడే.

మరి తెలుగువాళ్లు సైన్యం నుంచి ఎలా జారిపోయారు? 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దక్షిణాది సిపాయికి దీర్ఘ శాంతి వల్ల యుద్ధ గుణం పోయిందని తేల్చి, భర్తీని ఉత్తరాదికి, వాయవ్యానికి మళ్లించాలని వాదించాడు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. ఆయన లెక్కలోకి తీసుకోనిది జీతం. సిపాయి నెలజీతం 19వ శతాబ్దంలో చాలాకాలం ఏడు రూపాయల దగ్గరే ఆగిపోయింది. అదే కాలంలో, 1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి, డెల్టా పొలాలకు కాలువ నీళ్లు వచ్చాయి. ఇంటి ముందు వరి పండుతుంటే ఏడు రూపాయలకు బర్మా పోయేదెవరు? దానికి పిరికితనమని పేరు పెట్టడం అన్యాయం.

దీనికి ఎదురు వాదన ఉంది: పక్కనే పశ్చిమ గోదావరిలో సైనికుల ఊరుగా పేరుపడ్డ మాధవరం ఉందిగా, అది పూర్వం నుంచీ యోధుల వంశాల ఊరు కాబట్టే అలా అయింది, అంటే రక్తమే కారణం అని. తాడేపల్లిగూడెం దగ్గరి ఈ ఊరిని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఊళ్లో చెప్పే లెక్క ప్రకారం మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారు. ఈ లెక్కే ఆ వాదనకు జవాబు. పాతికేళ్లలో రక్తం పన్నెండింతలు కాదు. మారింది భర్తీ తలుపు. యుద్ధ అవసరం వచ్చేసరికి సర్కారు కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయన్న తన యోధ జాతుల సిద్ధాంతాన్ని పక్కన పెట్టింది, 1941లో మద్రాసు రెజిమెంటును తిరిగి లేపింది. ముందు వెళ్లినవాడు తమ్ముడికి దారి చెప్పే ఊళ్లో జనం ఎక్కువగా వెళ్లారు, అలా చెప్పేవాడు లేని ఊళ్లో వెళ్లలేదు. వంశగౌరవం అందులో బొత్తిగా లేదనను. కాకపోతే అది దారిచూపే మనిషి రూపంలో పనిచేసింది.

నాయక్ కావాలన్నా హవల్దారు కావాలన్నా ఇవాళ దాటాల్సినవి పదోన్నతి కేడర్లు, కోర్సులు. ఇన్‌ఫాంట్రీ స్కూలుకు చెందిన జూనియర్ లీడర్స్ వింగ్ బెళగావిలో ఉంది. పదిమంది సెక్షన్‌ను నడపడానికి కావలసినవి చూడండి: ఆయుధం విప్పి బిగించడం, బరువుతో 5 కిలోమీటర్ల పరుగు, తాడెక్కడం, మ్యాపు మీద ఆరంకెల గ్రిడ్ చెప్పడం, కంపాసుతో బేరింగు తీయడం, ఇసుక నమూనా ముందు నిలబడి శత్రువు ఎక్కడ, మన పని ఏమిటి, ఎలా చేస్తాం అన్న వరసలో నోటితో హుకుం ఇవ్వడం. మొదటి మూడూ ఒంటి పని, మిగతావి చదువు పని. యుద్ధంలో పనికొచ్చేది గుండె ధైర్యమే తప్ప ఈ పరీక్షలు కావని పాత సైనికులు అంటే కాదనలేం. కానీ వేసిన గ్రిడ్ తప్పయితే ధైర్యవంతుడి గుండు సొంత మనుషుల మీద పడుతుంది. పైగా నేర్పడానికి వీలైనదే పరీక్షించడానికి వీలవుతుంది. ధైర్యాన్ని తరగతిలో కొలవలేనంత మాత్రాన మ్యాపును వదిలేయక్కర్లేదు.

తెలుగు కుర్రాడికి నిజంగా అడ్డుపడేది భాష. బ్రిటిష్ కాలంలో సైన్యపు హిందుస్తానీని రోమన్ అక్షరాల్లో రాయించేవారు, స్వాతంత్ర్యం తర్వాత దేవనాగరి హిందీ వచ్చింది. రెండూ గుడివాడలో పుట్టిన భాషలు కావు. ఆలోచన తెలుగులో నడుస్తూ, హుకుం హిందీలో రావాలంటే మాట తడబడుతుంది. ఆ తడబాటు చూసినవాడికి కుర్రాడి నమ్మకమే తడబడినట్టు కనిపిస్తుంది. రాబర్ట్స్ కాలంలో జీతాన్ని గుణమనుకున్నట్టే, ఇక్కడ భాషను నాయకత్వమనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి సన్నద్ధత అంటే పరుగు, బస్కీలు మాత్రమే అనుకోవడం తప్పు. కాలేజీలో ఎన్‌సీసీ చేరిన పిల్లలకు ‘సావధాన్, విశ్రామ్’ దగ్గర నుంచి మ్యాపు దాకా ముందే పరిచయమవుతాయి. ఆ సర్టిఫికెట్‌కు భర్తీలో అదనపు మార్కులున్నాయి గానీ, పదిమంది ముందు గొంతెత్తి హిందీలో ఆజ్ఞ ఇచ్చిన అలవాటు వాటికంటే ఎక్కువ కాలం అక్కరకొస్తుంది.