పొలం నడుమ ఒంటరి ఇల్లు: గ్రహాంతర ముట్టడి కథ పుట్టుపూర్వోత్తరాలు

విజ్ఞాన కల్పన సాహిత్యంలోనూ, దాని వెంట నడిచిన సినిమాలోనూ ఇతర గ్రహాల ప్రాణులు భూమి మీదికి దండెత్తి వచ్చే కథలు రెండు తీరులుగా కనిపిస్తాయి. మొదటి తీరు కథల్లో మహానగరాలు కూలుతాయి, సైన్యాలు కదులుతాయి, దేశాధినేతలు మంతనాలాడతారు. రెండో తీరు కథల్లో చుట్టూ చేను, నడుమ ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక కుటుంబం, బయట చీకట్లో అంతుపట్టని అలికిడి మాత్రమే ఉంటాయి. ఒక్క ఇంటితో, నలుగురు నటులతో పని జరిగిపోతుంది కాబట్టి ఈ రెండో తీరు కథ నిర్మాతలకు అనుకూలించిందని అనుకోవడంలో నిజం లేకపోలేదు గాని, సినిమా పుట్టకముందే ఈ కథ ఎందుకు రూపుకట్టిందో ఆ కారణం వివరించలేదు. ఈ ఒంటరి ఇంటి భయానికి వేళ్లు వలసపాలన చరిత్రలో ఉన్నాయి. ఇతరుల నేల మీదికి వెళ్లి ఇళ్లు కట్టుకున్న సమాజాలు, తమ మీదికీ ఎవరో అలాగే వస్తారన్న జంకును ఆకాశానికి ఎక్కించి చెప్పుకున్న కథ ఇది.

ఈ వంశవృక్షంలో ముందుగా పేర్కొనవలసిన రచనలో గ్రహాంతరవాసులే లేరు. ప్రష్యా సైన్యం ఫ్రాన్సును అనూహ్యమైన వేగంతో ఓడించిన కొద్ది నెలలకే, 1871 మే నెలలో, ఇంగ్లండులోని ‘బ్లాక్‌వుడ్స్’ మాసపత్రికలో ‘ది బాటిల్ ఆఫ్ డార్కింగ్’ అనే కథ వెలువడింది. జర్మన్ భాష మాట్లాడే సైన్యం ఇంగ్లండు తీరంలో దిగి, లండనుకు దక్షిణాన ఉన్న సర్రీ ప్రాంతపు గుట్టల దగ్గర బ్రిటిష్ సేనను చెదరగొట్టి, దేశాన్ని లొంగదీసుకోవడం ఇందులోని ఇతివృత్తం. దీన్ని రాసిన జార్జ్ చెస్నీ బెంగాల్ ఇంజనీర్ల దళంలో అధికారి. 1857 తిరుగుబాటును అణచే క్రమంలో ఢిల్లీ ముట్టడిలో పాల్గొని గాయపడినవాడు. గెలిచిన సైన్యం ఓడిన ఊళ్లోకి అడుగుపెడితే ఏమవుతుందో గెలిచినవారి పక్షాన నిలబడి చూసిన మనిషి, ఓడిన ఇంటివారి పక్షాన నిలబడి ఈ కథ చెప్పాడు. రాబోయే యుద్ధాన్ని జరిగిపోయినట్టుగా వర్ణించే ఇటువంటి రచనలను చరిత్రకారులు ‘దండయాత్ర సాహిత్యం’ అంటారు. ఆ పరంపర చెస్నీతో ఊపందుకుని మొదటి ప్రపంచయుద్ధం దాకా సాగింది.

అదే సర్రీ ప్రాంతాన్ని ఎంచుకుని, శత్రువును జర్మనీ నుంచి అంగారక గ్రహానికి మార్చినవాడు హెచ్.జి.వెల్స్. 1895లో వోకింగ్ అనే పట్టణంలో కాపురముండగా, చుట్టుపక్కల దారుల్లో సైకిలు మీద తిరుగుతూ, ఏ ఊరిని, ఏ వీధిని అంగారకవాసుల చేత తగలబెట్టించాలో ఆయన నిర్ణయించుకున్నాడు. ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ 1897లో ‘పియర్సన్స్’ పత్రికలో ధారావాహికగానూ, 1898లో పుస్తకంగానూ వచ్చింది. ఆలోచన తన సోదరుడు ఫ్రాంక్‌దని వెల్స్ అంకితంలోనే చెప్పుకున్నాడు. టాస్మానియా దీవికి యూరోపియన్లు వచ్చినప్పుడు అక్కడి మూలవాసులకు పట్టిన గతి గురించి ఆ అన్నదమ్ములు మాట్లాడుకున్న సందర్భంలో అది పుట్టింది. నవల మొదటి అధ్యాయంలోనే వెల్స్ ఆ దీవి ప్రస్తావన తెచ్చి, అంతటి నాశనాన్ని చేసిన జాతికి అంగారకవాసులను తప్పుపట్టే అర్హత ఉందా అన్న ప్రశ్నను పాఠకుల ముందుంచాడు. బ్రిటిష్ సామ్రాజ్యం విక్టోరియా రాణి అరవయ్యేళ్ల పాలనా ఉత్సవాన్ని జరుపుకుంటున్న ఏడాదిలో అటువంటి ప్రశ్న వేయడానికి చాలా గుండెధైర్యం కావాలి.

ఇంటి ముట్టడికి మూలమైన ఘట్టం కూడా ఈ నవలలోనే ఉంది. కథకుడు, అతనితో కలిసి పారిపోతున్న ఒక మతగురువు లండను శివార్లలోని షీన్ అనే చోట ఖాళీ ఇంట్లో తలదాచుకున్నప్పుడు, అంగారకవాసులు దిగివచ్చే లోహపు గొట్టాల్లో మరొకటి ఆకాశం నుంచి సరిగ్గా ఆ ఇంటి పక్కనే పడి, వారిద్దరూ సుమారు రెండు వారాల పాటు శిథిలాల మధ్య చిక్కుపడిపోతారు. గోడ చీలికలోంచి అంగారకవాసుల తీరుతెన్నులు చూస్తూ, ఉన్న కాస్త తిండి కోసం తగాదాపడుతూ, చప్పుడు చేయకుండా బతకవలసి వస్తుంది. చివరికి లోహపు టెంటకిల్, అంటే పాములా వంకరలు తిరుగుతూ తడిమి చూసే పొడవాటి యంత్రపు చెయ్యి, వంటింటిలోకి పాకి వచ్చి, బొగ్గుల కొట్టులో దాక్కున్న కథకుడి బూటు మడమను తాకి వెళ్లిపోతుంది. తర్వాతి నూట ఇరవై ఏళ్లలో తీసిన ముట్టడి చిత్రాల్లో తలుపు కింది సందు, నేలమాళిగ, బిగపట్టిన ఊపిరి ఎక్కడ కనిపించినా, వాటి వెనుక ఈ బొగ్గుల కొట్టు ఉన్నట్టే లెక్క.

అయితే వెల్స్ ఇల్లు జనసమ్మర్దమైన ఇంగ్లండులోని ఇల్లు. దాన్ని కనుచూపు మేర పైరు తప్ప మరేమీ లేని చోటికి తీసుకువెళ్లింది అమెరికా. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఇళ్లన్నీ ఊరుగా ఒకచోట గుంపుగా ఉండి పొలాలు ఊరి వెలుపల ఉంటాయి. కేక వేస్తే పది గుమ్మాల్లోంచి మనుషులు వస్తారు. అమెరికా మధ్య మైదానాల్లో అందుకు భిన్నంగా ఎవరి ఇల్లు వారి పొలం నడుమనే ఉంటుంది. 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం దరఖాస్తు పెట్టుకున్న కుటుంబానికి 160 ఎకరాలు ఇస్తూ, ఆ నేల మీదనే ఇల్లు కట్టుకుని అయిదేళ్లు నివసించి సేద్యం చేస్తేనే పట్టా దక్కుతుందని షరతు పెట్టింది. పొరుగు ఇంటి దీపం కూడా కనిపించని ఆ ఏకాంతం ప్రకృతి విధించినది కాదు, చట్టం పెట్టిన షరతు ఫలితం. ఆ నేల అంతకుముందు మూలవాసులది. వారు తిరిగి వస్తారన్న భయం అమెరికా సాహిత్యంలో 17వ శతాబ్దం నుంచే ఉంది: 1676లో మసాచుసెట్స్‌లోని లాంకాస్టర్ మీద జరిగిన దాడిలో ఇల్లు తగలబడి, బందీగా పోయి, తిరిగివచ్చిన మేరీ రోలాండ్‌సన్ అనే స్త్రీ రాసిన వృత్తాంతం 1682లో అచ్చయి విశేషంగా ప్రచారం పొందింది. ఇటువంటి రచనలకు ‘బందీ వృత్తాంతాలు’ అని పేరు. డి.డబ్ల్యు.గ్రిఫిత్ 1913లో తీసిన మూకీ చిత్రం ‘ది బాటిల్ ఎట్ ఎల్డర్‌బుష్ గల్చ్’లో దుంగల ఇంటి చుట్టూ మూలవాసులు తిరుగుతూ ఉంటే లోపల ఆడవాళ్లు, పిల్లలు వణికిపోయే దృశ్యం ఆ భయానికి తెర రూపం. గ్రహాంతరవాసి ఆ స్థానంలోకి రావడానికి ఆ తర్వాత వేషం మార్చుకోవడమొక్కటే మిగిలింది.

పొలంలోని ఇంటిని ఆకాశపు ఆపదకు తొలుత ఎర చేసిన గొప్ప అమెరికన్ కథ హెచ్.పి.లవ్‌క్రాఫ్ట్ రాసిన ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’. 1927 సెప్టెంబరులో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికలో వచ్చిన ఈ కథలో నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు బావి పక్కన ఉల్క పడుతుంది. ఆ ఏడు పండ్లు ఎన్నడూ లేనంత పెద్దవిగా కాసి, నోట పెట్టుకోలేనంత చేదుగా ఉంటాయి. పశువులు బూడిద రంగుకు తిరిగి పెళుసుబారిపోతాయి, ఇంటి ఇల్లాలికి మతి తప్పుతుంది, కుటుంబం ఒక్కొక్కరుగా నశిస్తుంది. దాడి చేసినదానికి శరీరం లేదు, ఆయుధం లేదు. మానవ నేత్రం ఎరగని ఒక రంగు మాత్రమే ఉంది. శత్రువు తలుపు తట్టకుండా బావి నీటిలోంచి ఇంట్లోకి రావడం రైతు బతుకు తెలిసినవారిని ఇంకే యంత్రపు చేయీ కలవరపెట్టనంతగా కలవరపెడుతుంది. జలాశయం కోసం ఆ లోయను ముంచబోతున్న వేళ కొలతలకు వచ్చిన ఉద్యోగి నోట ఈ కథ చెప్పించడం మరింత అర్థవంతం. లవ్‌క్రాఫ్ట్ స్వరాష్ట్రమైన రోడ్ ఐలండ్‌లో స్కిట్యుయేట్ జలాశయం కింద ఆ కాలంలోనే పల్లెలు ముంపుకు గురయ్యాయి.

1938 అక్టోబరు 30 రాత్రి ఆర్సన్ వెల్స్ బృందం సి.బి.ఎస్. రేడియోలో హెచ్.జి.వెల్స్ నవలను వార్తా ప్రకటనల రూపంలో ప్రసారం చేసినప్పుడు, అంగారకవాసులు దిగిన చోటు న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనే పల్లెలో ఒక రైతు పొలం. దేశమంతా భీతిల్లిందన్న ప్రసిద్ధి పత్రికలు పెంచి చెప్పినదేనని తర్వాతి పరిశోధకులు చాలామంది తేల్చారు. అదే నవల ఆధారంగా 1953లో జార్జ్ పాల్ నిర్మించిన చిత్రంలో కాలిఫోర్నియా పల్లెలోని పాడుబడిన పొలం ఇల్లు, మూడు రంగుల కన్నుతో లోపలికి దూరే యంత్రం ఉన్నాయి. షీన్ ఇంటి ఘట్టం దాదాపు చెక్కుచెదరకుండా అమెరికాకు తరలివచ్చింది.

హెచ్.జి.వెల్స్ వేసిన నైతిక ప్రశ్నను మాత్రం ఈ చిత్రాలు వదిలేశాయి. దాన్ని తిరిగి పట్టుకున్నది ‘ది ట్విలైట్ జోన్’ టెలివిజన్ ధారావాహికలో 1961 జనవరిలో ప్రసారమైన ‘ది ఇన్‌వేడర్స్’ అనే భాగం. రిచర్డ్ మాథెసన్ రాసిన ఈ కథలో, దీపపు వెలుతురు తప్ప మరే ఆధునిక వసతీ లేని పల్లె గుడిసెలో ఒంటరిగా బతికే స్త్రీ ఇంటి కప్పు మీద చిన్న పళ్లెంలాంటి నౌక దిగుతుంది, జానెడు ప్రమాణపు ఆకారాలు ఆమెను వేధిస్తాయి. నటి ఆగ్నెస్ మూర్‌హెడ్ ఒక్క మాటా పలకకుండా మూలుగులతో, పరుగులతో పాత్రను నిలబెట్టింది. చివరికి ఆమె గొడ్డలితో ఆ నౌకను ధ్వంసం చేసినప్పుడు దాని మీద అమెరికా వైమానిక దళం పేరు కనిపిస్తుంది: వచ్చినవారు భూమి మనుషులు, ఇల్లు మరో గ్రహానిది. మొత్తం పరంపరలో ఇంత నిజాయితీగా అద్దం తిప్పిపట్టిన రచన మరొకటి లేదు.

ఈ భయం కల్పనలోనే ఆగలేదు. 1955 ఆగస్టు 21 రాత్రి కెంటకీ రాష్ట్రంలోని కెల్లీ అనే చోట పొలం ఇంట్లో ఉన్న ఒక కుటుంబం, పొట్టి ఆకారాలు ఇంటిని చుట్టుముడితే గంటల తరబడి తుపాకులు పేల్చామని హాప్కిన్స్‌విల్ పోలీసుల వద్దకు పరుగున వెళ్లింది. వెతికినవారికి గ్రహాంతరవాసుల జాడ దొరకలేదు. అవి కొమ్ముల గుడ్లగూబలై ఉంటాయని సంశయవాదుల అభిప్రాయం. ఈ ఉదంతం ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ ‘నైట్ స్కైస్’ అనే చిత్రాన్ని తలపెట్టగా, రచయిత జాన్ సేల్స్ సరిహద్దు ప్రాంతపు ముట్టడి చిత్రమైన ‘డ్రమ్స్ ఎలాంగ్ ది మొహాక్’ను మనసులో పెట్టుకుని కథనం రాసి, క్రూరుడైన గ్రహాంతరవాసికి ‘ది సెర్చర్స్’ చిత్రంలోని కొమాంచీ నాయకుడి పేరైన ‘స్కార్’ పెట్టాడు. వేషం వెనుక ఎవరున్నారో ఇంత స్పష్టంగా ఒప్పుకున్న సందర్భం అరుదు. ఆ చిత్రం తెరకెక్కలేదు. అందులో భూమి మీద ఒంటరిగా మిగిలిపోయే మంచి గ్రహాంతరవాసి నుంచి 1982లో ‘ఇ.టి.’ పుట్టింది.

‘ఇ.టి.’కి సత్యజిత్ రాయ్ 1967లో రాసి, హాలీవుడ్‌లో తీయాలని ప్రయత్నించి విఫలమైన ‘ది ఏలియన్’ చిత్రకథతో పోలికలున్నాయన్న వివాదం తెలిసినదే. స్పీల్‌బర్గ్ దాన్ని ఖండించాడు. ఆ వివాదం కన్నా ముఖ్యమైనది రాయ్ కథనంలోని దిశ. నౌక బెంగాల్ పల్లెలోని తామరల కోనేటిలో దిగితే ఊరివారు దాని శిఖరాన్ని చూసి మునిగిపోయిన గుడి పైకి తేలిందనుకుంటారు. వచ్చిన ప్రాణి హాబా అనే పేద పిల్లవాడితో ఆడుకుంటుంది, అకాలంలో మామిడికి కాయలు కాయిస్తుంది. ఊరిని కబళించజూసేది ఆకాశం కాదు, ఆ కోనేటి మీద గుడి కట్టి లాభపడాలనుకునే వ్యాపారి. పరాయివారు ఓడల్లో వచ్చి శిస్తులు వసూలు చేసుకుపోయిన నేలలో పుట్టిన ఊహకు ఆక్రమణదారుడి కోసం అంగారకుడి దాకా వెళ్లవలసిన అవసరం కలగలేదు.

మాహేలో పుట్టి ఫిలడెల్ఫియా పరిసరాల్లో పెరిగిన ఎం.నైట్ శ్యామలన్ 2002లో ‘సైన్స్’ (అంటే సంకేతాలు) చిత్రం తీస్తూ పాత అమెరికన్ ఇంటికే తిరిగివెళ్లాడు: పెన్సిల్వేనియా మొక్కజొన్న చేను, భార్యను పోగొట్టుకుని విశ్వాసం వదిలిన మతగురువు, పలకలు కొట్టిన కిటికీలు, నేలమాళిగ. చేలో పైరు వంగి ఏర్పడే వలయాలు అందులో దాడికి సంకేతాలు. ఇంగ్లండు చేలల్లో అటువంటి వలయాలను పలకతో, తాడుతో తామే చేశామని డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు 1991లో వెల్లడించిన తర్వాత కూడా వాటి ఆకర్షణ తగ్గలేదు. 2018 నాటి ‘ఎ క్వయట్ ప్లేస్’లో ముట్టడి ఒక రాత్రితో ముగియక నిత్యజీవితమైపోయింది, చప్పుడు వింటే చంపే ప్రాణుల మధ్య ఒక కుటుంబం దారుల్లో ఇసుక పరిచి, సైగలతో మాట్లాడుకుంటూ సేద్యం సాగిస్తుంది.

జోర్డన్ పీల్ 2022లో తీసిన ‘నోప్’ ఈ ఇంటిని మరొకరి చేతికిచ్చింది. కాలిఫోర్నియాలోని అగువా డుల్సేలో సినిమాలకు గుర్రాలను మచ్చిక చేసి ఇచ్చే నల్లజాతి కుటుంబం అందులోని ఇంటివారు. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ తీసిన పరుగెత్తే గుర్రం చిత్రాల్లో స్వారీ చేసిన అనామకుడి వారసులమని వారు చెప్పుకుంటారు. కదిలే బొమ్మల చరిత్ర తొలినాళ్లలోనే ఉన్నా ఆ మనిషి పేరును లోకం రాసిపెట్టుకోలేదు. మేఘం చాటున నక్కి మనుషులను మింగే ప్రాణి తమ పొలం మీద తిరుగుతోందని తెలిసినప్పుడు, ఆ కుటుంబంలోని అన్నాచెల్లెళ్లు కిటికీలకు పలకలు కొట్టరు, తుపాకీ కోసం వెతకరు. దాని ఛాయాచిత్రాన్ని తామే తీసి, తమ పేరు మీద లోకానికి చూపాలని కెమెరాలు సమకూర్చుకుంటారు.