సైబర్ వెంటాడింపు - బాధితులకు అండ: భారతదేశంలో సంస్థాగత స్పందనల పరిణామం (2000-2024)

ఉపోద్ఘాతం:

ఒక వ్యక్తిని అంతర్జాలం, ఈ-మెయిల్, సెల్‌ఫోన్ వంటి సాధనాల ద్వారా ఇష్టానికి విరుద్ధంగా పదేపదే సంప్రదించడం, నిఘా వేయడం, భయపెట్టడం సైబర్ వెంటాడింపు. ఈ నేరానికి చట్టం పేరు పెట్టక ముందే బాధితులు ఉన్నారు. ఆ పేరు ఎలా వచ్చింది, వచ్చిన తరువాత బాధితులకు అందిన అండ ఎంత అన్న అంశాలను చారిత్రక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. పేరు లేని నేరం:

సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి, డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించడం దాని ప్రధానోద్దేశం. అశ్లీల ప్రచురణను శిక్షించే 67వ సెక్షన్ ఉన్నా, వెంటాడి వేధించడాన్ని నేరుగా పేర్కొన్న సెక్షన్ అందులో లేదు. ఆ తొలి సంవత్సరాల్లోనే ఢిల్లీలో ఒక వ్యక్తి ఒక మహిళ పేరుతో చాట్‌రూముల్లో సంభాషిస్తూ ఆమె ఫోన్ నంబరును పంచిపెట్టాడు. అపరిచితుల ఫోన్లు వేళాపాళా లేకుండా రాసాగాయి. దేశంలో తొలి సైబర్ వెంటాడింపు కేసుగా పేర్కొనే ఈ ఉదంతంలో పోలీసులు ఆశ్రయించినది 1860 నాటి శిక్షాస్మృతిలోని 509వ సెక్షన్. స్త్రీ మర్యాదను అవమానించే మాటను, సైగను, చేష్టను అది శిక్షించేది. కానీ ఇక్కడ ఫోన్ చేసినవారు వేరు, చేయించినవాడు వేరు. బాధితురాలు కోల్పోయినది భద్రతను. చట్టం లెక్కించగలిగినది మర్యాదను మాత్రమే.

2004లో చెన్నై కేసు మరో పార్శ్వాన్ని చూపింది. యాహూ సందేశ బృందంలో ఒక మహిళను అసభ్యంగా చిత్రించిన నిందితునికి అదే ఏడాది 67వ సెక్షన్‌తో పాటు శిక్షాస్మృతి సెక్షన్ల కింద శిక్ష పడింది. ఉన్న చట్టంతోనైనా పోలీసులు వెంటనే కదిలితే ఫలితం ఉంటుందని ఇది నిరూపించింది.

2. చట్టంలో నిర్వచనం:

2008 సవరణ చట్టం 2009 అక్టోబరు 27న అమలులోకి వచ్చింది. గుర్తింపు చౌర్యం (66సి), ఆంతరంగికతకు భంగం (66ఇ) నేరాలయ్యాయి. దర్యాప్తు అధికారం డీఎస్పీ స్థాయి నుంచి ఇన్‌స్పెక్టర్ స్థాయికి దిగింది. చిన్న మార్పులా కనిపించినా, ఫిర్యాదును స్థానిక ఠాణాకు చేరువ చేసినది ఇదే. అభ్యంతరకర సందేశాలకు సంబంధించిన 66ఏ సెక్షన్‌ను భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది.

2012 డిసెంబరు ఢిల్లీ ఘటన అనంతరం జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ నివేదిక వెలువడింది. 2013 నేరచట్ట సవరణతో 354డి సెక్షన్ వచ్చి, స్త్రీ అంతర్జాల వినియోగంపై నిఘా వేయడాన్ని కూడా వెంటాడింపుగా నిర్వచించింది. తొలి నేరానికి 3 సంవత్సరాల వరకు జైలు, బెయిలుకు వీలు. పునరావృతమైతే 5 సంవత్సరాల వరకు జైలు, బెయిలుకు వీలులేదు. 2024 జూలై 1 నుంచి ఈ నిబంధన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌గా కొనసాగుతున్నది.

3. శిక్ష నుంచి అండ వైపు:

నిందితునికి శిక్ష పడటం, బాధితులు కోలుకోవడం వేర్వేరు విషయాలు. ఈ ఎరుక సంస్థల్లో ఆలస్యంగా కనిపించింది. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్ వాట్సాప్ ద్వారా కూడా ఫిర్యాదులు స్వీకరించి, ఠాణా మెట్లెక్కడానికి జంకే మహిళలకు దారి చూపాయి. 2016లో ఏర్పడిన భరోసా కేంద్రం కౌన్సెలింగ్, వైద్య, న్యాయ సహాయాలను ఒకే చోట సమకూర్చింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్ ఇంటి నుంచే ఫిర్యాదు చేసే వీలు కల్పించింది. నగ్న చిత్రాలు, బాధితుల పేరుతో సృష్టించిన నకిలీ ఖాతాల వంటి వాటిపై బాధితులు ఫిర్యాదు చేసిన 24 గంటల్లో సామాజిక మాధ్యమ సంస్థలు చర్య తీసుకోవాలని 2021 నియమాలు నిర్దేశించాయి.

4. మిగిలిన లోటు:

354డి గాని, 78వ సెక్షన్ గాని బాధితురాలు స్త్రీ అయినప్పుడే వర్తిస్తుంది. పురుషులు ఇతర సెక్షన్లను వెతుక్కోవలసిందే. పదేపదే సంప్రదించిన కేసుల్లో ఆమె తన అనిష్టాన్ని స్పష్టంగా తెలిపి ఉండాలి. భయంతో మౌనం వహించిన వారికి ఇది అడ్డంకి. భయపడి సందేశాలను చెరిపేస్తే సాక్ష్యం కూడా పోతుంది. అందువల్ల తొలి ఫిర్యాదు నాడే స్క్రీన్‌షాట్లను, లింకులను భద్రపరచడం నేర్పే సహాయకులు ఉండటం చట్టమంత అవసరం.

ముగింపు:

మర్యాద నుంచి భద్రతకు, భద్రత నుంచి అండకు సాగిన ఈ పరిణామంలో మొదటి అడుగు చట్టసభలు, న్యాయస్థానాల ద్వారా పడింది. రెండవది ఫిర్యాదు స్వీకరించే బల్ల దగ్గర పడవలసి ఉన్నది. "ఫోన్ కట్టేసుకోండి" అన్న సలహాతో బాధితురాలిని పంపివేసినంత కాలం ఈ చరిత్ర అసంపూర్ణమే. ఆ సలహా వెంటాడేవాడిని తాకదు. వెంటాడబడినవారినే లోకం నుంచి వెలివేస్తుంది.